తాగుడు లేని ఇంట్లో లివర్ జబ్బు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఒక మనిషికి లివర్ చెడిందని తెలియగానే చుట్టూ ఉన్నవాళ్లు అడిగే మొదటి మాట ‘తాగుతాడా?’ అనే. తాగే మనిషైతే కారణం దొరికిపోయినట్టే, ఇక ఎవరూ ఏమీ అడగరు. తాగని మనిషైతే, అందులోనూ ఆడమనిషైతే, ‘పచ్చకామెర్లు’ అని తేల్చేసి పసరు మందు ఇచ్చే ఊరికి బయల్దేరతారు. గడిచిన రెండు మూడు నెలల్లో ఏ మాత్రలు మింగారు, ఏ మూలికలు వాడారు, ఏ పనికి వెళ్లారు, ఇంట్లో ఎలాంటి గింజలు తిన్నారు అని అడిగేవాళ్లు చాలా తక్కువ. చుక్క మద్యం ముట్టని మనిషి కాలేయాన్ని కూడా పూర్తిగా దెబ్బతీయగల కారణాలు ఈ ప్రశ్నల జవాబుల్లోనే ఉంటాయి. మందుల వల్ల వచ్చే కాలేయ జబ్బుల్లో చాలావాటిని తొందరగా గుర్తించి, కారణమైన మందును ఆపేస్తే కాలేయం తనంతట తాను కోలుకుంటుంది. ఆలస్యమై కాలేయం పూర్తిగా విఫలమైతే మాత్రం చాలామందికి మార్పిడి ఒక్కటే దారి. ఇక్కడి కూలీ, రైతు కుటుంబాలకు ఆ దారి ఎంత దూరమో చెప్పనక్కర్లేదు.

పెద్దవాళ్లలో కాలేయం కిలోన్నర దాకా తూగుతుంది. కుడివైపు పక్కటెముకల కింద ఉంటుంది. నిమిషానికి సుమారు లీటరున్నర రక్తం దాని గుండా ప్రవహిస్తుంది. ఆ రక్తంలో నాలుగింట మూడు వంతులు పేగుల నుంచి నేరుగా వచ్చేదే. మింగిన మాత్ర అయినా, తిన్న తిండిలోని రసాయనం అయినా గుండెకూ మెదడుకూ చేరకముందే కాలేయానికి చేరుతుంది.

నూనెలో కరిగే గుణం ఉన్న పదార్థాలను శరీరం అలాగే బయటికి పంపలేదు. మూత్రం ద్వారానో పైత్యరసం ద్వారానో పోవాలంటే ముందు వాటి రూపం మారాలి. ఆ పని చేసేవి కాలేయంలోని సైటోక్రోమ్ పీ450 అనే ఎంజైముల కుటుంబం. మొదటి దశలో ఇవి పదార్థాన్ని మారుస్తాయి. చిక్కు ఇక్కడే వస్తుంది. మార్పు తర్వాత తయారయ్యే పదార్థం కొన్నిసార్లు అసలుదాని కంటే ఎన్నో రెట్లు ప్రమాదకరం. రెండో దశలో గ్లూటాథయోన్ వంటివి దానికి అతుక్కుని విషగుణాన్ని పోగొడతాయి. రెండు దశలూ సమానంగా నడిచినంత కాలం మనిషికి ఏమీ తెలియదు. మొదటి దశ జోరుగా సాగి రెండోది వెనకబడితే మధ్యలో పుట్టిన విషం కాలేయ కణాల ప్రోటీన్లకూ డీఎన్ఏకూ అతుక్కుంటుంది. జ్వరం మాత్ర, టీబీ మాత్ర, బూజు పట్టిన వేరుశనగ, ఫ్యాక్టరీలో వాడే ద్రావకం (రసాయనాలను కరిగించే ద్రవం), ఇవన్నీ చూడడానికి ఒకదానికొకటి సంబంధం లేనివి. కాలేయంలో మాత్రం ఇంచుమించు ఒకే తీరులో హాని చేస్తాయి. ఒకే మాత్ర వేసుకున్న ఇద్దరిలో ఒకరికి ఏమీ కాకుండా ఇంకొకరు ఆసుపత్రి పాలవడానికి కారణం కూడా చాలావరకు ఇదే. ఈ ఎంజైములు ఎంత చురుగ్గా ఉంటాయన్నది కొంత పుట్టుకతో వస్తుంది. మిగతాది తిండి, వయసు, మద్యం, పక్కన వాడే ఇతర మందులు నిర్ణయిస్తాయి.

ప్రతి ఇంట్లో ఉండే పారాసెటమాల్‌నే చూద్దాం. మామూలు మోతాదులో వేసుకున్న మందులో అధిక భాగం రెండో దశ పద్ధతుల్లోనే, ఏ హానీ లేకుండా బయటికి పోతుంది. నూటికి 5 నుంచి 10 వంతులు మాత్రం సీవైపీ2ఈ1 అనే ఎంజైము చేతిలో పడి ‘నాప్‌క్వి’ అనే విషంగా మారుతుంది. కాలేయంలో నిల్వ ఉన్న గ్లూటాథయోన్ దాన్ని అక్కడికక్కడే అణచివేస్తుంది. మోతాదు మితిమీరితే ఆ నిల్వ ఖాళీ అవుతుంది, కణాలు చనిపోవడం మొదలవుతుంది. ఈ మందు ఎక్కువైతే లివర్ దెబ్బతింటుందని స్కాట్లాండ్ వైద్యులు 1966లోనే రాశారు. అందులోని రసాయన రహస్యం 1970ల్లో బయటపడింది. దానితోపాటు విరుగుడూ దొరికింది. ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే మందు గ్లూటాథయోన్‌ను మళ్లీ నింపుతుంది. 8 గంటల లోపు మొదలుపెడితే దాదాపు అందరినీ కాపాడుతుంది.

ఆ 8 గంటల లెక్కే ఊళ్లలో తప్పిపోతుంది. పారాసెటమాల్ ఎక్కువైన మనిషికి మొదటి రోజు పెద్దగా ఏమీ అనిపించదు. కొంచెం వికారం, రెండు వాంతులు, అంతే. రెండో రోజుకు తేరుకున్నట్టు కూడా కనిపిస్తాడు. లోపల మాత్రం లివర్ పాడవుతూ ఉంటుంది, మూడు నాలుగు రోజులకు అది పూర్తిగా బయటపడుతుంది. ఆడుకుంటూ పిల్లలు మాత్రలు మింగేసినప్పుడు ‘బాగానే ఉన్నాడు కదా, రేపు చూద్దాం’ అనుకోవడం అందుకే చాలా ప్రమాదం. ఎలుకల మందుగా అమ్మే పసుపు భాస్వరం పేస్టు విషయంలోనూ ఇదే మోసం జరుగుతుంది. మొదట కొంత బాధ, తర్వాత ఒకటి రెండు రోజులు నెమ్మది, ఆ తర్వాత లివర్ విఫలం. దానికి నేరుగా పనిచేసే విరుగుడు లేదు. తమిళనాడు ప్రభుత్వం దాని అమ్మకాన్ని నిషేధించింది కూడా. పొరపాటున తిన్నా, మనసు బాగోక తిన్నా, మనిషి ఎంత కులాసాగా కనిపించినా ఆ గంటలోనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. మనసు కుంగిపోయినప్పుడు ఏ వేళనైనా 14416 టెలి మానస్ నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు.

మోతాదు దాటడం చాలాసార్లు కావాలని జరగదు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద మనిషికి 24 గంటల్లో 4 గ్రాములు గరిష్ఠ హద్దు. 650 మిల్లీగ్రాముల మాత్రలైతే రోజుకు ఆరు. బక్కచిక్కిన వాళ్లకు, రోజూ మద్యం తాగేవాళ్లకు, లివర్ జబ్బు ఉన్నవాళ్లకు డాక్టర్లు ఈ హద్దును సగానికి దించుతారు. మద్యం పైన చెప్పిన సీవైపీ2ఈ1 ఎంజైమును రెచ్చగొడుతుంది, తిండి లేకపోవడం గ్లూటాథయోన్‌ను తగ్గిస్తుంది. జ్వరం వచ్చి మూడు రోజులు గంజి తప్ప ఏమీ తినని మనిషి డోలో ఒకటి, జలుబు మాత్ర ఒకటి, ఒళ్లు నొప్పుల గోళీ ఒకటి వేసుకుంటే మూడింటిలోనూ పారాసెటమాల్ ఉండొచ్చు. పేర్లు వేరు కాబట్టి మందులూ వేరే అనుకుంటాం. ఇక ఆర్‌ఎంపీ దగ్గర కాగితం పొట్లంలో కట్టిచ్చిన విడి మాత్రలకైతే పేరే ఉండదు. రేపు లివర్ దెబ్బతిని శ్రీకాకుళం రిమ్స్‌కో విశాఖ కేజీహెచ్‌కో వెళ్తే డాక్టరు అడిగే మొదటి ప్రశ్నకు ఆ కుటుంబం దగ్గర జవాబు ఉండదు. ‘తెల్ల గోళీ, పచ్చ గోళీ’ అన్నదాన్ని బట్టి చికిత్స చేయలేరు. అట్ట మీద పేరు లేని మాత్ర తీసుకోకపోవడం ఎవరైనా ఈరోజు నుంచే చేయగల పని.

నిమెసులైడ్ సంగతీ ఇక్కడే చెప్పాలి. ఒళ్లు నొప్పులకు, జ్వరానికి విరివిగా వాడిన ఈ మందును లివర్ భయంతో ఫిన్లాండ్, స్పెయిన్ 2002లోనే ఆపేశాయి. మన దేశంలో 12 ఏళ్ల లోపు పిల్లలకు ఇవ్వకూడదని 2011లో నిషేధించారు. నీళ్లలో కరిగే నిమెసులైడ్, పారాసెటమాల్ జంట మాత్రలను కేంద్రం 2023 జూన్‌లో నిషేధిత జాబితాలో చేర్చింది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో దీనికి ఇంకో ముడి ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను తినేసిందో జిల్లాలో అందరికీ తెలుసు. నొప్పి గోళీలు కిడ్నీకి చేటని అక్కడి డాక్టర్లు ఏళ్ల తరబడి చెబుతున్నారు. ఆ మాట సరైనదే. జీడితోటల్లో, కొబ్బరితోటల్లో రోజంతా వంగి పనిచేసేవాళ్లకు నొప్పులైతే పోవు కాబట్టి వాళ్లకు మిగిలిన సురక్షితమైన మాత్ర పారాసెటమాలే. హద్దులో వాడితే అది నిజంగానే మేలైన ఎంపిక. కాకపోతే ‘ఇది ఎన్నైనా వేసుకోవచ్చు’ అని దాన్ని అర్థం చేసుకుంటే కిడ్నీని కాపాడబోయి లివర్‌ను పోగొట్టుకున్నట్టవుతుంది. కిడ్నీ గురించి ఉద్దానం ఇంటింటికీ తెలిసినంతగా లివర్ గురించి ఇంకా ఎక్కడా తెలియలేదు.

మన దేశంలో మందుల వల్ల లివర్ దెబ్బతిన్న కేసుల్లో అన్నింటికంటే పెద్ద వాటా టీబీ మందులది. 2013 నుంచి 2018 దాకా దేశంలోని పలు ఆసుపత్రులు కలిసి నమోదు చేసిన 1,288 మంది రోగుల్లో సగానికి కాస్త తక్కువ మందికి అవే కారణం. పాశ్చాత్య దేశాల్లో ఆ స్థానం మామూలు యాంటీబయాటిక్‌లది, పారాసెటమాల్‌ది. మన దగ్గర టీబీ ఎక్కువ, చికిత్స ఆరు నెలలు, పైగా రోగుల్లో చాలామంది బరువు తగ్గి నీరసించిన స్థితిలో మందు మొదలుపెడతారు.

టీబీకి మొదటి రెండు నెలలు ఇచ్చే నాలుగు మందుల్లో ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ లివర్‌పై భారం వేసేవే. ఎథాంబుటాల్‌కు ఆ గుణం లేదు. ఐసోనియాజిడ్‌ను నాట్2 అనే ఎంజైము మారుస్తుంది. ఈ ఎంజైము కొందరిలో వేగంగా, కొందరిలో నెమ్మదిగా పనిచేస్తుంది. భారతీయుల్లో సగానికి పైగా నెమ్మది రకం. అలాంటి వాళ్లలో మందు హైడ్రజిన్ వంటి విష పదార్థాల దారి పట్టే అవకాశం పెరుగుతుంది. రిఫాంపిసిన్ ఇతర ఎంజైములను రెచ్చగొట్టి ఆ దారిని ఇంకా సుగమం చేస్తుంది. వయసు పైబడటం, పోషణ లోపం, మద్యం, హెపటైటిస్ బి లేదా సి, హెచ్‌ఐవీ ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ.

ఇక్కడ భయపెట్టడం తప్పు. ఐసోనియాజిడ్ వాడేవాళ్లలో కొందరికి మొదటి నెలల్లో ఎస్‌జీపీటీ (లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) కాస్త పెరిగి, మందు కొనసాగుతుండగానే తగ్గిపోతుంది. లివర్ ఆ మందుకు అలవాటు పడటమే అది. టీబీ మందు ఆపేస్తే టీబీ చంపుతుంది, సగంలో ఆపితే మందులకు లొంగని టీబీగా మారుతుంది. కాబట్టి ఆపడానికి ఒక లెక్క పెట్టారు. ఏ బాధా లేకుండా ఎస్‌జీపీటీ మామూలు గరిష్ఠ స్థాయికి 5 రెట్లు దాటితే, లేదా వాంతులు, కామెర్లు వంటి లక్షణాలతో 3 రెట్లు దాటితే ఆ మూడు మందులూ ఆపుతారు. అప్పుడు కూడా టీబీని వదిలేయరు. తప్పనిసరైతే లివర్‌కు హాని చేయని మందులతో నెట్టుకొస్తారు. లివర్ కుదుటపడ్డాక ఆపిన వాటిని ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టి చూస్తారు. ఏది దెబ్బతీసిందో అలా తెలుస్తుంది.

గండం ఎక్కువగా మొదటి రెండు నెలల్లోనే. ఆకలి చచ్చిపోవడం, వికారం, కుడి డొక్కలో బరువు, మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారడం, ఇవి కళ్లు పచ్చబడటానికి ముందే వస్తాయి. గ్రామాల్లో జరిగే పొరపాటు ఏమిటంటే, ‘టీబీ మందు వేడి చేస్తుంది, వికారం మామూలే’ అని ఇంటివాళ్లు సర్దిచెప్పేస్తారు. నిజంగానే ఈ మందులకు వికారం మామూలే కాబట్టి ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. అందుకే తేడా తెలుసుకోవాలి. మాత్ర వేసుకున్న గంట రెండు గంటలు ఉండి పోయే వికారం వేరు. రోజంతా ఉండి, అన్నం వాసనే పడకుండా, మూత్రం రంగు మారితే అది వేరు. రెండోదైతే ఆ రోజే పీహెచ్‌సీకి వెళ్లి రక్తపరీక్ష చేయించాలి. కళ్లు పచ్చబడితే తర్వాతి డోసు మింగకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. పనికోసం చెన్నైకో హైదరాబాద్‌కో వలస వెళ్లి అక్కడే టీబీ మందు వాడుతున్నవాళ్లకు ఈ మాట ఇంకా ముఖ్యం. వాళ్ల చుట్టూ లక్షణాలు గమనించే ఆశా కార్యకర్త గానీ, ఇంటి మనిషి గానీ ఉండరు. టీబీ ఉన్న ఇంట్లో జబ్బు లేనివాళ్లకు ముందుజాగ్రత్తగా ఐసోనియాజిడ్ ఇచ్చినా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

కామెర్లు రావడం ఎందుకంత పెద్ద సంగతో చెప్పే ఒక సూత్రాన్ని అమెరికా వైద్యుడు హైమన్ జిమ్మర్‌మన్ చెప్పారు. మందు వల్ల కాలేయ కణాలు దెబ్బతిని, దానితోపాటు కామెర్లు కూడా వచ్చినవాళ్లలో పది మందిలో సుమారు ఒకరు చనిపోతారు లేదా మార్పిడి అవసరమవుతుంది. ఎస్‌జీపీటీ పెరగడం గాయాన్ని చూపిస్తుంది, కామెర్ల పసుపు రంగుకు కారణమైన బిలిరుబిన్ పెరగడం లివర్ పని చేయలేకపోవడాన్ని చూపిస్తుంది.

మిగతా మందుల్లో ఫిట్స్ మాత్రలు ముందుంటాయి. ఫెనిటాయిన్, కార్బమాజెపిన్ మొదలుపెట్టిన కొన్ని వారాల్లో జ్వరం, ఒంటి మీద దద్దుర్లు, ముఖం వాపు కలిసి వస్తే అది లివర్‌ను కూడా పట్టే తీవ్రమైన ఎలర్జీ కావచ్చు. వాల్‌ప్రొయేట్ రెండేళ్ల లోపు పిల్లల్లో ఎక్కువ ముప్పు. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజు వేసుకోవాల్సిన మాత్ర. దాన్ని రోజూ వేసేసుకుని ప్రాణం మీదకు తెచ్చుకున్నవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. చీటీ మీద వారం పేరు తెలుగులో పెద్దగా రాయించుకోవడం మంచిది. అమోక్సిసిల్లిన్, క్లావులనేట్ జంట యాంటీబయాటిక్ కోర్సు ముగిసిన వారాల తర్వాత కూడా కామెర్లు తేగలదు. అందుకే డాక్టరు ఇప్పుడు వాడుతున్న మందులతో సరిపెట్టకుండా, రెండు మూడు నెలల కిందట వాడి మానేసినవి కూడా అడగాలి.

ఆకు పసర్లు, మూలికలు అన్న మాట ఎత్తితే చాలామందికి కోపం వస్తుంది. తాతల నాటి వైద్యాన్ని తప్పుపడుతున్నారనిపిస్తుంది. కానీ పైన చెప్పిన 1,288 మందిలో ఏడుగురికి ఒకరు ఆయుర్వేద, మూలికా, ఇతర సంప్రదాయ మందుల వల్ల దెబ్బతిన్నవాళ్లే. మొక్కలోని రసాయనాన్నీ మాత్రలోని రసాయనాన్నీ లివర్ ఒకే ఎంజైములతో మారుస్తుంది. కోవిడ్ రోజుల్లో ఇమ్యూనిటీ కోసం ఇంటింటా కషాయంగా తాగిన తిప్పతీగ ఇందుకు దగ్గరి ఉదాహరణ. దాన్ని వాడిన కొద్దిమంది రోగుల్లో లివర్ దెబ్బతినడాన్ని ముందు ముంబై వైద్యులు గుర్తించారు. తర్వాత దేశంలోని 13 కేంద్రాలు కలిసి 43 మంది వివరాలు 2022లో ప్రచురించాయి. వాళ్లలో చాలామందికి వచ్చింది, శరీర రక్షణ వ్యవస్థే తన కాలేయంపై దాడి చేసే రకం హెపటైటిస్. కొన్ని రకాల థైరాయిడ్ జబ్బు వంటి ఆటోఇమ్యూన్ జబ్బులు (రక్షణ వ్యవస్థే సొంత ఒంటిపై దాడి చేసేవి) ముందే ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువగా కనిపించింది. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఈ వాదనతో విభేదించింది. ఏదేమైనా లివర్ జబ్బు, ఆటోఇమ్యూన్ జబ్బు ఉన్నవాళ్లు దాన్ని నెలల తరబడి వాడకపోవడమే క్షేమం. మరో సమస్య లోహాలు. ఇంటర్నెట్‌లో అమ్మే ఆయుర్వేద మందులను పరీక్షించి 2008లో వెలువరించిన అమెరికా అధ్యయనంలో ఐదింట ఒకదానిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికింది.

కామెర్లకు పసరు పనిచేస్తుందన్న నమ్మకం ఎందుకు ఇంత గట్టిగా నిలిచిందో కూడా అర్థం చేసుకోవాలి. కలుషిత నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్ ఏ, ఇ చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. ఆ మధ్యలో తాగిన పసరుకు పేరొస్తుంది. అదే నమ్మకంతో టీబీ మందు వల్ల కామెర్లు వచ్చిన మనిషి పసరు తాగుతూ, ఇటు టీబీ మాత్రలు కూడా మింగుతూ ఉంటే రోజురోజుకూ లివర్ కరిగిపోతుంది. పసరుకు తోడు చేతి మీద కాల్చడం, ఉప్పు కారం నూనె మాన్పించి ఒట్టి గంజి మీద ఉంచడం కొన్ని చోట్ల ఇంకా ఉన్నాయి. పత్యం పేరుతో తిండి తగ్గించడం గ్లూటాథయోన్‌ను తగ్గించడమే.

ఇక తిండి. ఉత్తరాంధ్రలో దీని గురించి చాలా తక్కువ మాట్లాడుతున్నాం, నిజానికి చాలా ఎక్కువ మాట్లాడాలి. రణస్థలం, లావేరు, ఎచ్చెర్ల వైపు మొక్కజొన్న, విజయనగరం జిల్లాలో మొక్కజొన్నతో పాటు వేరుశనగ పండిస్తారు. ఈ రెండు పంటల మీదా ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పెరిగి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. దీన్ని ప్రపంచం గుర్తించింది 1960లో, ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయినప్పుడు. వాటికి వేసిన దాణాలో బూజు పట్టిన వేరుశనగ పిండి ఉంది. మన దేశంలో 1974లో రాజస్థాన్, గుజరాత్‌లలోని బాన్స్‌వారా, పంచమహల్ జిల్లాల గిరిజన గ్రామాల్లో కామెర్లు, పొట్ట ఉబ్బరంతో వంద మందికి పైగా చనిపోయారు. కాలం కాని కాలంలో వర్షాలు పడి మొక్కజొన్న తడిసింది, వేరే తిండి లేక జనం అదే తిన్నారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు దాని మూలం అఫ్లాటాక్సిన్ అని చూపించారు. ముందు ఆ ఇళ్లలోని కుక్కలకు కూడా ఇదే జబ్బు వచ్చింది.

కోత వేళ తుపాను రావడం మనకు కొత్త కాదు. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. రోడ్ల మీద ఎండబోసిన గింజ వానకు తడవడం, తడిసింది గోనెసంచుల్లోకి ఎక్కించడం ప్రతి ఏడాదీ కనిపించేదే. మొక్కజొన్నలో తేమ 14 శాతం దాటకుండా, వేరుశనగలో 8 శాతం దాటకుండా ఎండబెడితే బూజు పెరగదు. వేరుశనగ కాయలు తేలిగ్గా ఒలవడానికి నీళ్లు చల్లే అలవాటు ఒకటి ఉంది. ఎండబెట్టిన కష్టమంతా ఆ నీళ్లతో పోతుంది. వంట వేడికి ఈ విషం చావదు, వేయించినా కొంతే తగ్గుతుంది. ముడుచుకుపోయిన, రంగు మారిన, చేదుగా ఉన్న పలుకులను ఏరి పారేయడం ఒక్కటే ఇంట్లో చేయగల గట్టి పని. కానీ ఏరి పక్కన పెట్టినవి చాలాసార్లు గానుగకు పోతాయి. వడకట్టి మాత్రమే వాడే గానుగ నూనెలో కొంత విషం మిగులుతుంది. ఎక్కువ భాగం చెక్కలో ఉండి పశువుల దాణాలోకి, అక్కడి నుంచి వేరే రూపంలో పాలల్లోకి వస్తుంది. అమ్మకానికి వచ్చే గింజల్లో కిలోకు 10 నుంచి 15 మైక్రోగ్రాములు, పాలల్లో 0.5 మైక్రోగ్రాములు దాటకూడదని ఆహార భద్రతా ప్రమాణాలు చెబుతున్నాయి. సొంత పొలంలో పండించుకుని తినే గింజను ఎవరూ పరీక్షించరు.

అఫ్లాటాక్సిన్ ఒక్కసారి ఎక్కువ తింటే లివర్ విఫలం కావచ్చు, ఏళ్ల తరబడి కొంచెం కొంచెం తింటే క్యాన్సర్ రావచ్చు. ఇక్కడ కూడా కాలేయ ఎంజైములే దాన్ని డీఎన్ఏకు అతుక్కునే రూపంలోకి మారుస్తాయి. చైనాలోని షాంఘైలో 1990ల్లో చేసిన అధ్యయనం అంకెలు చూస్తే గుండె గుభేలుమంటుంది. అఫ్లాటాక్సిన్ ఒక్కటే ఉన్నవాళ్లకు లివర్ క్యాన్సర్ ముప్పు సుమారు 3 రెట్లు, హెపటైటిస్ బి ఒక్కటే ఉన్నవాళ్లకు 7 రెట్లు, రెండూ ఉన్నవాళ్లకు 60 రెట్లకు దగ్గర. పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకు వేసే హెపటైటిస్ బి టీకా ఈ లెక్కలో ఒక సగాన్ని తుడిచేస్తుంది. గింజ ఎండబెట్టడం ఇంకో సగం.

చిరుధాన్యాల పేరు బాగా వినిపిస్తున్న ఈ రోజుల్లో ఇంకో పాత సంఘటన కూడా గుర్తుంచుకోవాలి. ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని సర్గుజా ప్రాంతంలో 1970ల్లో నాలుగు గ్రామాల్లో 67 మందికి పొట్టలో నీరు చేరి 28 మంది చనిపోయారు. వాళ్లు తిన్నది సామలు. పంటలో కలిసిపోయిన, జనుము జాతికి చెందిన ఒక కలుపు మొక్క గింజలు అందులో ఉన్నాయి. ఆ గింజల్లోని పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు అనే రసాయనాలను లివర్ విషంగా మార్చుకుంటుంది, అది లివర్ నుంచి బయటికి పోయే సన్న రక్తనాళాలను మూసేస్తుంది. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీలో సామలు పండించి తినేవాళ్లకు ధాన్యం చెరగడం, రాళ్లూ కలుపు గింజలూ ఏరడం ఎంత అవసరమో ఆ మరణాలు చెబుతున్నాయి. సామలు మంచి తిండే, కలుపు గింజ కలవకూడదు.

పని చేసే చోటు గురించి చెప్పాలంటే పైడిభీమవరం దాకా రావాలి. మందుల ఫ్యాక్టరీలున్న ఆ ప్రాంతం వేలమందికి జీతం ఇస్తోంది. మందు తయారీలో ద్రావకాలు లేకుండా పని జరగదు. వాటిలో డైమిథైల్ ఫార్మమైడ్, పనివాళ్లు డీఎంఎఫ్ అనేది, లివర్‌కు హాని చేస్తుందని బాగా రుజువైంది. ఆవిరిగా పీల్చడమే కాదు, చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. చేతి తొడుగు చిరిగి ఉంటే మాస్కు ఎంత మంచిదైనా సరిపోదు. దీనికి ఒక గుర్తు ఉంది. డీఎంఎఫ్‌తో పనిచేసి వచ్చిన మనిషి కొంచెం మద్యం తాగగానే ముఖం, మెడ ఎర్రగా కందిపోయి గుండె దడ పుడుతుంది. రసాయనం ఒంట్లోకి చేరిందనడానికి అది హెచ్చరిక. ఒకప్పుడు విరివిగా వాడిన కార్బన్ టెట్రాక్లోరైడ్, క్లోరోఫాం కూడా సీవైపీ2ఈ1 చేతిలోనే విషంగా మారతాయి. మద్యం ఆ ఎంజైమును పెంచుతుంది కాబట్టి తాగే కార్మికుడికి రెట్టింపు నష్టం. అలాంటి కేసుల్లో ‘తాగి చెడగొట్టుకున్నాడు’ అని తేల్చేస్తే ద్రావకం మాట మరుగున పడిపోతుంది.

ఫ్యాక్టరీ రసాయనాలకూ లివర్‌కూ ఉన్న సంబంధం ఎంత ఆలస్యంగా బయటపడుతుందో వినైల్ క్లోరైడ్ చూపించింది. 1974లో అమెరికాలోని లూయివిల్ నగరంలో వినైల్ క్లోరైడ్‌తో పీవీసీ ప్లాస్టిక్ తయారుచేసే ఒక ఫ్యాక్టరీ కార్మికుల్లో ఆంజియోసార్కోమా అనే చాలా అరుదైన లివర్ క్యాన్సర్ ఒకరి తర్వాత ఒకరికి కనిపించింది. అంత అరుదైన జబ్బు కాకపోయి ఉంటే ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. మామూలు ఫ్యాటీ లివర్‌గానో, ఎస్‌జీపీటీ పెరుగుదలగానో వచ్చే నష్టాన్ని పట్టుకోవాలంటే ఉద్యోగంలో చేరిన రోజు పరీక్ష ఒకటి, ఆ తర్వాత క్రమం తప్పకుండా పరీక్షలు ఉండాలి. అవి పర్మినెంట్ ఉద్యోగులతో సమానంగా కాంట్రాక్టు కార్మికులకూ జరగాలి, రిపోర్టు కాపీ కార్మికుడి చేతికి రావాలి. విష పదార్థాల వల్ల వచ్చే కామెర్లను 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్‌లోనే తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చారు. యాజమాన్యానికే కాదు, చికిత్స చేసిన డాక్టరుకూ ఆ బాధ్యత పెట్టారు. ఊరి డాక్టరు ‘ఏ డిపార్ట్‌మెంటులో పని, ఏం వాడతారు?’ అని అడగకపోతే ఆ నిబంధన కాగితం మీదే ఉండిపోతుంది.

పురుగుమందుల్లో క్లోర్‌పైరిఫాస్ వంటివి నాడుల మీద పనిచేసే విషాలు. వాటినీ ఎక్కువ విషపూరితంగా మార్చేది లివర్ ఎంజైములే. గడ్డి మందుగా వాడే పారాక్వాట్ లోపలికి పోతే ఊపిరితిత్తులు, కిడ్నీలతో పాటు లివర్‌ను కూడా పడగొడుతుంది. పిచికారీ రోజున తడిసిన చొక్కాతోనే అన్నానికి కూర్చోకపోవడం, ఖాళీ డబ్బాను నీళ్లకు వాడకపోవడం ఇక్కడ అన్నింటికంటే ముఖ్యం.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు వాడుతున్న మాత్రల అట్టలు, కషాయం సీసా, పసరు ఇచ్చిన ఆకు, ఫ్యాక్టరీలో వాడే రసాయనం పేరు, అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లాలి. సిగ్గుపడి పసరు సంగతి దాచిపెడితే డాక్టరు మరో పది అనవసర పరీక్షలు రాయాల్సి వస్తుంది. ఒకసారి ఏ మందుకు లివర్ దెబ్బతిందో తేలితే దాని పేరును ఆరోగ్యశ్రీ కార్డుతో పాటు ఉంచే కాగితం మీద రాసిపెట్టుకోవాలి, ఎందుకంటే రెండోసారి అదే మందు మొదటిసారి కంటే త్వరగా, తీవ్రంగా దెబ్బతీయవచ్చు. అనుమానం వచ్చిన ప్రతి కేసునూ దేశ ఔషధ భద్రతా కార్యక్రమానికి తెలియజేయవచ్చు. 2010లో మొదలైన ఈ కార్యక్రమానికి డాక్టర్లే కాదు, రోగి గానీ ఇంటివాళ్లు గానీ 1800 180 3024 టోల్ ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి చెప్పొచ్చు. మందు పేరు, మొదలుపెట్టిన తేదీ, కామెర్లు వచ్చిన తేదీ చెబితే చాలు.